ఎవరూ విడిపించుకోని సంచి

తిరుపతి బస్టాండులో సామాన్లు దాచే గది నాది,
రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా.
ముందర ఒక కిటికీ, ఇనప చువ్వలు,
మూట దూరేంత సందు.
వెనక ఇంకోటి, మూరెడు. అందులోంచి
మెట్లదారి దీపాలు తెగిన మల్లెదండ మాదిరి.
పేరు యూనీకే. మాది పుత్తూరు పక్క పల్లె.
"చర్చికి పొయ్యేదానివి, కొండకొచ్చే మూటలతో
నీకేం పని మే?" అంటాడు టీ అంగడి మునెప్ప.
మూటకు మతం యాడుంటుంది అబ్బయా,
బరువుంటుంది.

ఆరు నెలలైనా ఎవరూ రాకపోతే
సంచి విప్పి జాబితా రాయాల. అది రూలు.
నూటా పదిహేడు:
నగరి చీరలు రెండు. తలనొప్పి మందు సీసా.
చీమలు పట్టిన శనక్కాయ ఉండల పొట్లం.
ఒక నోటుబుక్కు, నీలి సిరా, వాలు అక్షరాలు.

"ఆరువందల ఏళ్ళ కిందట చలిదేశంలో ఒకామె
బతికుండగానే తనకు చావు ప్రార్థన చదివించుకుంది.
గుడిగోడకు ఆనించి కట్టిన గదిలోకి నడిచిపోయింది.
బయటి నుంచి రాయీ సున్నమూ పెట్టి మూసేశారు."

బుక్కు మూసి నీళ్ళు తాగినాను.
మదనపల్లె బస్సు వచ్చింది. పన్నెండు మూటలు, ఒక కుక్కర్.
మళ్ళా తెరిచినాను.

మూడు కిటికీలంట ఆమెకు.
ఒకటి బలిపీఠం వైపు, రొట్టె కనబడేదానికి.
ఒకటి పనిపిల్ల వైపు, గంజి లోపలికి, మురికి కుండ బయటికి.
ఇంకోటి వీధికి. దానికి నల్లగుడ్డ,
గుడ్డ మీద తెల్ల సిలువ.
ఆవును పెంచుకోకూడదన్నారంట,
మనసు దొడ్డి వెంట పోతుందని.
పిల్లికి మాత్రం సరేనన్నారు.
(మా గదిలోనూ ఉండాది ఒకటి. దానికెవరూ అనుమతి ఇయ్యలేదు.)

మహమ్మారి వచ్చిన ఏడు
జనం ఆ గుడ్డ అవతల నిలబడి పాపాలు చెప్పబోతే
వద్దనింది. పోయిన బిడ్డల పేర్లు చెప్పమనింది.
విన్న పేరు విన్నట్టు గోడ మీద బొగ్గుతో రాసింది.
చోటు చాలక పేరు మీద పేరు,
దాని మీద ఇంకో పేరు,
చివరికి గోడంతా ఒకటే నలుపు.
"ఇది నాకు చదవను రాదు," అనిందంట,
"ఆయనకు కంఠతా వచ్చు."

ఆ పక్కన అంచులో రాసినామె చిన్నగా రాసుకుంది:
నాకు నమ్మకం కుదరలేదు. మళ్ళీ చూడాలి.
మళ్ళీ చూసిందో లేదో.
రెండు పేజీల తర్వాత ఒకే వాక్యం, అదీ సగం:
"నలభై ఏళ్ళు ఆ గదిలో ఉన్నాక ఆమె దేవుణ్ణి అడిగింది ఏమంటే"

అంతే. మిగిలినవన్నీ ఖాళీ గీతలు.

నాలుగున్నరకు ఒక పెద్దామె వచ్చింది,
గుండు మీద చందనం ఇంకా తడి.
టోకెను కొంగుముడిలో ఉంది, విప్పను చేతులు వణికె.
"ఏం అడిగినావమ్మా స్వామిని?" అన్నాను. నేను ఎప్పుడూ అడగను.
"యాడ అడిగితి తల్లీ," అనింది.
"కొడుకు పని, మోకాళ్ళు, కోర్టు గొడవ,
దారి పొడుగునా వల్లించుకుంటా పోతి.
ఆడ నిలబెట్టినారు, రెప్పపాటు.
అన్నీ మరిచిపోతి.
బయటికొచ్చినాక అన్నీ గుర్తుకొచ్చె,
వెనక్కి పోబుద్ధి కాలేదు."
సంచి ఎత్తి భుజానికి వేసుకుంది.
తెచ్చినప్పుడు ఎంత బరువో ఇప్పుడూ అంతే. నేనే ఎత్తిచ్చినాను కదా.

జాబితాలో చీరలు రాసినాను, సీసా రాసినాను,
చీమల పొట్లం కూడా రాసినాను.
బుక్కు రాయలేదు.
దానికి వేరే టోకెను కట్టి పై అరలో పెట్టినాను,
బాడుగ నా పర్సులోంచి.
సామాను: ఒకటి.
దాచినవారి పేరు అని ఉండే గడి దగ్గర
పెన్ను ఆగిపోయింది.

చువ్వల మీద ఎవరో నాణెంతో కొడతా ఉండారు.
వస్తాండా, ఉండండి,
చిల్లర తియ్యాల.